మద్రాసులో ఉందన్న పెన్ను

ఫిబ్రవరి 8, 1976. ఆదివారం

ఇవాళ ఒక పెన్ను వచ్చింది.

ఊరికి ఆ చివర ముత్తియాల్‌పేట నుంచి అంబుజమ్మ అని ఒక పెద్దావిడ ఇల్లు వాకబు చేసుకుంటూ మా నెల్లితోపు దాకా వచ్చింది. మా ఆవిడ కోమలకి పుట్టింటి వైపు దూరపు చుట్టం. పెన్నులు బాగుచేసే యానాం రాజు ఇల్లు ఇదేనా అని గుమ్మంలోనే నిలబడి అడిగింది. నేనే అన్నాను. పాత చీర ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది.

విప్పాను. బొటనవేలంత లావు. నల్లటి ఎబొనైట్, అంటే గట్టి రబ్బరు, దాని మీద లక్క పూత. పూత పోయిన చోట గోధుమరంగు కనిపిస్తోంది. బంగారు పాళీ, దాని మీద జపాన్ అక్షరాలు. లోపల ఇంకు ఎండి రాయైపోయింది. పాళీ చీలికకి రెండు కాళ్ళుంటే ఒకటి పైకి లేచింది. పాళీ కింద ఇంకు అందించే నాలుక విరిగింది. వెనకున్న మర తిరగడం లేదు. నా చేతిలోకి ఇన్ని పెన్నులు వచ్చాయి, ఇలాంటిది ఎప్పుడూ రాలేదు.

ఇది మా ఇంటాయనది అంది. పేరు వెంకటకృష్ణయ్య. సైగాన్‌లో ఒక గుడ్డల కంపెనీలో ఫ్రెంచి ఉత్తరాలు రాసే ఉద్యోగం, పదహారేళ్ళు. యుద్ధం అయిపోయి జపాన్ వాళ్ళు ఊరు వదిలి పోతా ఉంటే, పై రూములో కాపురమున్న జపాన్ ఆయన ఈయన చేతిలో పెట్టి పోయినాడంట. ఈయన పోయి పదైదేండ్లు. అప్పట్నించి పెట్టెలోనే ఉండాది. రాసేట్టు చెయ్యి తంబీ, ఒకరికి ఇయ్యాల అంది.

ఎవరికి అని నేను అడగలేదు. కాఫీ పెడతానని కోమల అంటున్నా వినకుండా వెళ్ళిపోయింది.

ఈ డైరీ తెలుగులో రాస్తాను కాబట్టి నాకు భయం లేదు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే అందరం, చదవగలిగింది నేనొక్కణ్ణే. కోమల చదువుకుంది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు చూస్తే జిలేబీలు వేశావా అంటుంది. అందుకని ఉన్నమాట రాసేస్తాను. నాకు ఈ పెన్ను కావాలి.

ఫిబ్రవరి 10

నీళ్ళలో వేశాను. పొద్దున గిన్నెలో నీళ్ళు నీలం. మార్చాను. సాయంత్రం మళ్ళీ నీలం.

ఫిబ్రవరి 15

ఇంకా నీలమే. పదిహేనేళ్ళ కిందటి ఇంకు. ఏం రాద్దామని నింపుకున్నాడో ఆయన.

ఫిబ్రవరి 29. ఆదివారం

వెనక మర తిరిగింది! వారం రోజులుగా వేడినీళ్ళ గుడ్డ చుట్టి, చల్లార్చి, మళ్ళీ చుట్టి. బలం ఉపయోగిస్తే విరిగేది. లోపల పొడుగ్గా ఒక కడ్డీ ఉంది. మర బిగిస్తే ఆ కడ్డీ వెళ్ళి ఇంకు దారి మూసేస్తుంది. జేబులో ఒలకదు. రాయాలంటే మర అరచుట్టు విప్పాలి. ఎవడు కనిపెట్టాడో గాని మహానుభావుడు.

సైకిలెక్కి ధనపాల్ దగ్గరికి వెళ్ళాను. ముత్తియాల్‌పేటలో లేతు మిషన్ పెట్టుకుని చిన్న చిన్న సామాన్లు తిప్పుతాడు. ఎబొనైట్ ముక్క ఇచ్చి, విరిగిన నాలుక చూపించి, ఇదే కొలతకి కావాలన్నాను. పెన్ను తిప్పి తిప్పి చూశాడు. అమ్ముతావా సార్ అన్నాడు. నాది కాదు అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో వాడికి తెలీదు.

ఆఫీసులో మనసు నిలవడం లేదు. నా పని, ఒకప్పుడు ఈ ఊరేలిన ఫ్రెంచివాళ్ళ పాత ఫైళ్ళు ఇంగ్లీషులోకి దించడం. ఎవడో దొర ఎవడికో రాసిన మాటలు, పదమూడేళ్ళుగా. బాల్ పెన్నుతో, కార్బన్ పేపర్ మీద. నా మాట అంటూ ఒక్కటి రాసిన గుర్తు లేదు.

మార్చి 14. ఆదివారం

అంబుజమ్మ వచ్చింది. యాడిదాకా వచ్చింది తంబీ పని అంది. అయిపోవచ్చింది, ఇంకు కారకుండా కార్కు వెయ్యాలి, పాళీ సరిచెయ్యాలి అన్నాను. నిజమే చెప్పాను. ఈసారి కూర్చుని కాఫీ తాగింది. పెన్ను ఎవరికో చెప్పింది.

ఆయనకి సైగాన్‌లో ఇంకో కాపురం ఉందట. ఆ దేశపు ఆవిడ. ఒక కూతురు, సుజాన్. ఆయన యాభై నాలుగులో తిరిగొచ్చేటప్పటికి ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. ఇక్కడికి వచ్చాక ఆయన ఆ పిల్లకి నెలకో ఉత్తరం రాసేవాడు, ఈ పెన్నుతోనే. నీకు తెలుసా అని కోమల అడిగింది. ఎందుకు తెలీదు, పోస్టులో ఏసింది నేనే గదా అంది అంబుజమ్మ.

సుజాన్ ఇప్పుడు ఇక్కడే ఉంది! పోయినేడు సైగాన్ కమ్యూనిస్టుల చేతికి పోయాక, తండ్రి వల్ల వచ్చిన ఫ్రెంచి పౌరసత్వపు కాగితాలు పట్టుకుని బయటపడింది. తల్లి ముందే పోయింది. తన దగ్గరున్న పాత కవరు మీది అడ్రసు చూసుకుంటూ జనవరిలో అంబుజమ్మ తలుపు తట్టింది. తలుపు తియ్యగానే తమిళంలో అడిగిందట, అప్పా ఇరుక్కారా, నాన్న ఉన్నారా అని.

ఈవిడ గోడ మీది పటం చూపించింది. పటానికి దండ ఉంది.

అప్పట్నించి ఆ ఇంట్లోనే ఉంటోంది. కాన్సలేట్ వాళ్ళు ఫ్రాన్సు పంపిస్తారు. జూన్‌లో కావచ్చట.

ఆ బిడ్డకి ఆయన దగ్గర్నించి వచ్చింది అక్షరాలే తంబీ, ఆ అక్షరాలు రాసిన పెన్ను దానికి పోవాల అంది అంబుజమ్మ.

నేను తల ఊపాను. న్యాయమే. నూటికి నూరు పాళ్ళు న్యాయం.

ఏప్రిల్ 4. ఆదివారం, తెల్లవారి అయిదు

రాసింది.

మందుసీసా కార్కు చెక్కి, మైనంలో ఉడికించి, కడ్డీకి తొడిగాను. పాళీ కాలు గోటితో కొంచెం కొంచెం దించాను, మొత్తం పది రోజులు. ఫిల్లరుతో ఇంకు పోశాను. మర అరచుట్టు విప్పి కాగితానికి ఆనించాను. ఏమీ రాలేదు. ఒక్కసారి విదిలించాను. గీత వచ్చింది. సన్నగా మొదలై, ఒత్తితే లావై, వదిలితే మళ్ళీ సన్నబడింది. వెన్నలో వేలు కదిలినట్టు ఉంది.

నా పేరు రాశాను. నూకరాజు. మళ్ళీ రాశాను. ఒక పేజీ అంతా నా పేరే. నలభై ఒక్క ఏళ్ళుగా ఉన్న పేరు, ఇవాళే ఎవరో పెట్టినట్టుంది.

ఇప్పుడు ఈ వాక్యం దానితోనే రాస్తున్నాను.

ఏప్రిల్ 5

ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఇంకు ఎలా ఆగుతుందో చూడాలి కదా. టెస్టింగు.

ఏప్రిల్ 9

ఇంకా టెస్టింగే.

ఏప్రిల్ 11. ఆదివారం

అంబుజమ్మ వచ్చింది. పెన్ను నా చొక్కా జేబులో ఉంది. నేను భుజం మీది తువ్వాలు ముందుకి లాక్కున్నాను.

ఏంది తంబీ, అయిందా అంది. వాషరు ఒకటి మద్రాసు నుంచి రావాలి పెద్దమ్మా అన్నాను. అంత సుళువుగా ఎలా వచ్చిందో ఆ మాట. అట్లనా, సీక్రం ఏమీ లేదులే, జూన్ దాకా టైముండాది అంది. మా చెట్టువి అని మునక్కాయలు తెచ్చింది. కోమలకి ఇచ్చి వెళ్ళింది.

కోమల మునక్కాయలు పట్టుకుని నిలబడి నా వైపు చూసింది. వాషరు ఏంది, ఆ దినం రాసి రాసి నాకు చూపిస్తివే అంది. ఇంకా పని ఉంది, నీకు తెలీదు అన్నాను. లోపలికి వెళ్ళిపోయింది. మునక్కాయ పులుసు పెట్టింది. నాకు సయించలేదు.

ఏప్రిల్ 18

ఒక వారం. ఒక్క వారం ఉంచుకుని ఇచ్చేస్తాను.

ఏప్రిల్ 25

ఇవాళ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి బీచి దాకా నడిచాను. మూడుసార్లు జేబు తడుముకున్నాను. సముద్రం చూస్తే చూసినట్టు లేదు. తిరిగొచ్చి తాళం తీశాను.

మే 2. ఆదివారం

ఇద్దరూ వచ్చారు.

కోమల భోజనానికి పిలిచిందట, నాతో చెప్పలేదు. కావాలనే పిలిచిందనుకుంటాను. నేను టేబుల్ దగ్గర పెన్నుతో రాసుకుంటున్నాను. వాకిట్లో గొంతు వినిపించగానే పెన్ను వీపు వైపు బనీనులోకి తోసేశాను. మర బిగించానో లేదో గుర్తు లేదు. భోజనం అయ్యేదాకా వీపు ఆనించకుండా కూర్చున్నాను.

సుజాన్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, కాటన్ స్కర్టు, రబ్బరు చెప్పులు. చాలా నెమ్మది. తమిళం అన్నం, నీళ్ళు, నిద్ర వరకే. మిగతాది అంబుజమ్మా తనూ చేతులతో చెప్పుకుంటారు. నాకు ఫ్రెంచి వచ్చని తెలిసి మొహం వెలిగింది. ఎక్కడ నేర్చుకున్నావంది. యానాం బడిలో అన్నాను. నా మాట పుస్తకంలా ఉందట.

వాళ్ళ నాన్న ఉత్తరాల గురించి తనే చెప్పింది. ప్రతి ఉత్తరంలో చివర ఒక లెక్కో పొడుపుకథో ఉండేదట. జవాబు తను రాయాలి. పదిహేనో ఏట ఉత్తరాలు ఆగిపోయాయి. మూడేళ్ళ పాటు తను రాస్తూనే ఉంది. మీ నాన్న నిన్ను మర్చిపోయాడు అందట వాళ్ళమ్మ. కాదు, యుద్ధంలో ఉత్తరాలు దారి తప్పుతున్నాయి అనుకుందట తను. ఆ తర్వాత ఎవరికీ ఉత్తరం రాయలేదంది.

ఏం చెప్తాంది అని అంబుజమ్మ నన్ను అడిగింది. వాళ్ళ నాన్న ఉత్తరాలు బాగుండేవట అన్నాను. అంతే చెప్పాను. అంబుజమ్మ కంచంలోకి చూస్తూ ఉండిపోయింది.

వెళ్ళేటప్పుడు అంబుజమ్మ నన్ను పక్కకి పిలిచి, వాషరు వచ్చిందా, ఒకసారి చూపించు అంది గుసగుసగా. పెన్ను ఇక్కడ లేదు, మద్రాసులో మెకానిక్‌కి పంపాను అన్నాను.

బనీను మీద నీలం మరక. కోమల అది ఉతకలేదు. కొక్కేనికి అలాగే తగిలించి ఉంచింది.

మే 9

ఎందుకు ఇవ్వలేకపోతున్నాను? వస్తువుల మీద ఆశ ఉన్నవాణ్ణి కాదు. వాచీ కూడా మామగారు పెట్టిందే. ఇది బాగుచేసింది నేను. ఎండిపోయిన దాన్ని రాసేట్టు చేసింది నా చెయ్యి. ఆవిడ ఇచ్చింది పెన్ను కాదు, పెన్ను శవం. ఇలా అనుకుంటూ ఉంటాను. అనుకున్నంతసేపూ బాగానే ఉంటుంది.

మే 16. ఆదివారం

అంబుజమ్మ ఒక్కతే వచ్చింది. కోమలని కూడా వంటింట్లోకి పొమ్మంది. తంబీ, నువ్వు ఫ్రెంచిలో ఒక ఉత్తరం రాయాల అంది. సుజాన్‌కి.

ఒకే ఇంట్లో ఉన్నారు కదా, ఉత్తరమెందుకు అన్నాను.

చెప్పడానికి నాకు భాష లేదు, ఉన్నా నోరు రాదు అంది. తర్వాత చెప్పింది.

ఆయన పోయాక సుజాన్ ఉత్తరాలు వచ్చాయి. తొమ్మిది. యుద్ధంలో దారి తప్పలేదు, అన్నీ అంబుజమ్మ చేతికే వచ్చాయి. ఆవిడకి చదవడం రాదు. స్టాంపు చూస్తే ఎక్కడివో తెలుసు. ఆయన పోయినాడని ఒక్క ముక్క ఎవరి చేతనైనా రాయించొచ్చు. రాయించాలంటే ఎవరికని చెప్పాలి. ఆ పిల్ల ఎవరో చెప్పాలి. వీధిలో అందరికీ తెలిసిపోతుంది. ఇవాళ కాదు రేపు అనుకుంది. తర్వాత కోపం వచ్చిందట. ఆయన ఉన్నప్పుడు నేను పంచుకున్నా గదా, పోయినాకన్నా నన్ను ఒంటరిగా ఏడ్చుకోనీ అని. కవర్లు చింపకుండా పెట్టెలో పడేసింది.

దినమూ నా చేతి అన్నం తింటాది తంబీ అంది. అమ్మా అంటాది. నాకు గొంతులో దిగదు.

ఆ ఉత్తరం ఆయన పెన్నుతోనే రాయాలట. రాసి, చదివించి, అప్పుడు పెన్ను దాని చేతికిస్తుందట.

పెన్ను బీరువాలో ఉంది. నాకూ అంబుజమ్మకీ మధ్య నాలుగు అడుగులు. లేచి తాళం తియ్యాలి, అంతే. వచ్చే వారం మద్రాసు నుంచి వస్తుంది, రాగానే రాద్దాం అన్నాను.

ఆవిడ పదిహేనేళ్ళు చేసింది, నేను ఆరు వారాలుగా చేస్తున్నాను. ఇవాళ కాదు రేపు.

మే 20

ఇచ్చేద్దామని బయల్దేరాను. ముత్తియాల్‌పేట మార్కెట్ దాకా వెళ్ళాను. వాషరు వచ్చిందని చెప్పాలా, మెకానిక్ పంపాడని చెప్పాలా అని ఆలోచిస్తూ సైకిల్ స్టాండు వేసి నిలబడ్డాను. ఎండ. ధనపాల్ చూసి కేకేశాడు. వాడితో టీ తాగి వచ్చేశాను.

మే 27. గురువారం, సాయంత్రం

అంబుజమ్మ పరుగున వచ్చింది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. కాన్సలేట్ మనిషి పొద్దున వచ్చాడట. ప్రయాణం ముందుకి జరిగింది, ఈ పూటే బయల్దేరాలి అన్నాడట. సుజాన్‌ని, ఇంకో రెండు కుటుంబాలని వ్యానులో మద్రాసు తీసుకెళ్ళిపోయారు. రేపు సాయంత్రం సెంట్రల్‌లో బొంబాయి రైలు. అక్కడ్నించి విమానం.

పెన్ను బాగయినా కాకపోయినా పరవాలేదు, ఇచ్చెయ్యి అంది.

ఇప్పుడన్నా చెప్పాల్సింది. కోమల వంటింటి గడపలో నిలబడి ఉంది. కోమల ముందు చెప్పలేకపోయాను. మద్రాసులో ఉంది కదా పెద్దమ్మా అన్నాను.

ఆవిడ నవ్వింది. మంచిదేగా తంబీ, ఆ బిడ్డా మద్రాసులోనే ఉండాది, పెన్నూ మద్రాసులోనే ఉండాది. పొద్దున మొదటి బస్సుకి ఇద్దరం పోదాం. షాపులో తీసుకుని, అక్కడే ఉత్తరం రాసి, స్టేషన్‌లో ఇచ్చేద్దాం అంది.

సరే అన్నాను.

ఇంకేం అంటాను.

మే 29. శనివారం

నిన్న జరిగింది రాయాలి. బాల్ పెన్నుతో రాస్తున్నాను.

లీవు అడగలేదు. ఈ ఎమర్జెన్సీలో పది నిమిషాలు లేటైతేనే మెమో. సరే పోనీ అనుకున్నాను.

బస్సు ఆరింటికి. అంబుజమ్మ కిటికీ పక్కన, నేను ఇటు. ఆవిడ ఒళ్ళో గుడ్డ సంచి, సంచిలో పులిహోర పొట్లం, తొమ్మిది కవర్ల కట్ట. నా జేబులో పెన్ను. పైన తువ్వాలు.

ఊరు దాటగానే మొదలుపెట్టింది. షాపు ఎన్నింటికి తీస్తారు. సెంట్రల్‌కి ఎంత దూరం. ఆయన పేరేంది, మనవాడేనా. ఇవాళ షాపు లేకుంటే ఇల్లు తెలుసా. ప్రతిదానికీ ఒక జవాబు చెప్పాను. పేరు మునియప్పన్ అన్నాను. ఇల్లు కూడా తెలుసన్నాను. తిండివనం వచ్చేసరికి మునియప్పన్‌కి ఇద్దరు పిల్లలు, ఆస్తమా. పావం, ఆయనకి పళ్ళు కొనక్కపోదాం అంది అంబుజమ్మ. తిండివనం బస్టాండులో దిగి అరటిపళ్ళు కొంది.

బస్సు కదిలింది. ఆవిడ ఒళ్ళో అరటిపళ్ళు, లేని మనిషికి. చెంగల్పట్టు చెరువు కనిపిస్తుండగా జేబులోంచి పెన్ను తీసి ఆవిడ ఒళ్ళో పళ్ళ పక్కన పెట్టాను. మునియప్పన్ లేడు పెద్దమ్మా అన్నాను. షాపూ లేదు. పెన్ను మద్రాసు ఎప్పుడూ పోలేదు. నేనే ఉంచుకున్నాను.

ఆవిడ దాన్ని చూసింది. ముట్టుకోలేదు. ఎప్పుడయింది బాగు అంది. ఏప్రిల్ నాలుగు అన్నాను.

నీకు పుణ్యముండాలని శుక్రవారం శుక్రవారం దీపం పెట్టినా తంబీ అంది. గొంతు పెంచలేదు. పెన్ను తీసి నా ఒళ్ళో పెట్టింది. లేచి, నడుస్తున్న బస్సులో కమ్మీలు పట్టుకుంటూ ముందుకి పోయి, ఎవరో ఆవిడ పక్కన కూర్చుంది. మద్రాసు వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. అరటిపళ్ళు ఆ పక్కావిడ పిల్లలకి ఇచ్చేసింది.

బస్సు దిగాక ముందు తను నడిచింది. దారి తెలీదు. నేను వెనక నుంచి ఎడమకి, కుడికి అని చెప్తూ వచ్చాను. వింటున్నట్టు లేదు గాని తిరుగుతోంది.

సెంట్రల్‌లో మధ్యాహ్నమంతా కాచుకుంటే నాలుగున్నరకి దొరికింది సుజాన్. ప్లాట్‌ఫారమ్ మీద ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. అంబుజమ్మని చూసి పరుగెత్తుకొచ్చింది. రైలుకి ఇంకా గంట. అంబుజమ్మ బెంచీ మీద కూర్చుని, నా వైపు చూడకుండా, రాయి అంది.

పేపరు లేదు. సుజాన్ తన నోటు పుస్తకంలో కాగితాలు చింపి ఇచ్చింది. ఏమిటిది అంది. ఉత్తరం, నీకే అన్నాను. కొంచెం దూరంగా పోయి తన పెట్టె దగ్గర నిలబడింది.

మర అరచుట్టు విప్పాను. అంబుజమ్మ చెప్తోంది, నేను ఫ్రెంచిలో రాస్తున్నాను. పదమూడేళ్ళుగా చేస్తున్న పనే. మీ నాయన పంతొమ్మిది వందల అరవై ఒకటి అక్టోబరులో పోయినారు. మూడు దినాలు జొరం. నీ ఉత్తరాలు వచ్చినాయి. నేను చింపలేదు, ఎవరికీ చూపించలేదు. రాయించలేనిది కాదు. రాయించలేదు. ఆయన నిన్ను మరవలేదు, మరిచినట్టు చేసింది నేను. నా మీద కోపముంటే పరవాలేదు, ఆయన మీద వద్దు.

అంతే అంది. చివర పేరు పెట్టు అంది. పెట్టాను.

కింద ఒక వాక్యం నేను కలిపాను. ఈ పెన్ను ఏప్రిల్‌లోనే బాగయింది, ఇన్నాళ్ళూ దాచుకున్నది నేను, నూకరాజు అని. ఏం రాస్తున్నావు ఇంకా అంది అంబుజమ్మ. నా సంగతి అన్నాను.

సుజాన్ నిలబడి చదివింది. రెండోసారి చదివింది. పోర్టరు ఒకడు తప్పుకోమని అరుస్తున్నా కదల్లేదు. నా దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడిగింది. అక్టోబరులో ఏ తేదీ? అంబుజమ్మని అడిగి చెప్పాను. పదకొండు.

అంబుజమ్మ సంచిలోంచి కవర్ల కట్ట తీసి ఇచ్చింది. సుజాన్ పోస్టు ముద్రలు చూసి ఒకటి ఏరింది. అక్టోబరు తొమ్మిది. తనే చింపింది. చదువుతూ ఉంటే మొహం మారుతూ వచ్చింది. ఉన్నట్టుండి నవ్వింది. రెండు స్పెల్లింగు తప్పులున్నాయి, నాన్న చూసి ఉంటే ఎర్ర గీత పెట్టేవాడు అంది. అది చెప్తూనే ఏడ్చింది. అంబుజమ్మ లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలీక రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడి ఉంది. సుజాన్ వచ్చి ఆవిడ భుజం మీద తల పెట్టింది. కోపం పోయిందని కాదు అనుకుంటాను. పెట్టుకోవడానికి ఇంకో భుజం లేదు అక్కడ.

తర్వాత అంబుజమ్మ నా వైపు చెయ్యి చాచింది. పెన్ను ఇచ్చాను. పాళీని కొంగుతో తుడిచి, క్యాప్ పెట్టి, సుజాన్ చేతిలో పెట్టింది. సుజాన్‌కి మర సంగతి తెలీదని నేనే చూపించాను. రాసేటప్పుడు అరచుట్టు విప్పు, అయ్యాక బిగించు, నెలకోసారి నీళ్ళతో కడుగు. తల ఊపింది. నన్ను సూటిగా చూసింది. నీ దస్తూరి బాగుంది అంది.

దస్తూరి గురించే అందా? నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.

రైలు కదిలేముందు అంబుజమ్మకి రెండు బుగ్గల మీద ముద్దు పెట్టింది. ఆవిడ కొయ్యలా నిలబడింది. రైలు పోయాక బుగ్గ తడుముకుంది.

తిరుగు బస్సులో వేరే సీటు లేక నా పక్కనే కూర్చుంది. పులిహోర పొట్లం విప్పి సగం తిని, మిగతాది ఇద్దరి మధ్యా పెట్టింది. నా వైపు చూడలేదు. తిన్నాను. పాసిపోయింది.

మే 31

మెమో ఇచ్చారు. కారణం రాయమన్నారు. సొంత పని అని రాశాను.

కోమలకి అంతా చెప్పాను. విని, కొక్కేనికున్న బనీను తీసి ఉతికింది. మరక పోలేదు.

జూన్ 6

జేబు తడుముకోవడం ఆగలేదు. చెయ్యి దానంతట అదే పోతోంది. పెన్ను పోయిన బాధ తక్కువ. అది ఉన్నన్నాళ్ళూ నేనెలా ఉన్నానో తల్చుకుంటే కూర్చోలేకపోతున్నాను. లేచి వీధిలోకి పోతాను. వీధిలో ఏమీ లేదు. వచ్చేస్తాను.

జూన్ 20. ఆదివారం

ముత్తియాల్‌పేట వెళ్ళాను. తలుపు కొట్టాను. ఎవరు అంది లోపల్నించి. నూకరాజుని అన్నాను. పని ఉండాది తంబీ అంది. తలుపు తియ్యలేదు. తంబీ అంది, అదొకటి.

జూలై 4

ఎవరో పక్కింటివాళ్ళు పెన్ను బాగుచెయ్యమని తెచ్చారు. మానేశానని చెప్పాను.

జూలై 18. ఆదివారం

అంబుజమ్మ వచ్చింది. చేతిలో పలక, బలపం. కొత్తవి. కోమలని పలకరించి, నా ఎదురుగా కింద కూర్చుంది.

నేర్పు అంది. ఇంక ఇంకొకరి చేతిని నమ్ముకోను.

ఏ అక్షరాలు పెద్దమ్మా, తెలుగా, తమిళమా అన్నాను. ఆ బిడ్డ చదివేవి అంది.

అరవై ఎనిమిదేళ్ళు. బలపం గరిటెలా పట్టుకుంది. సుజాన్ పేరులో మొదటి అక్షరం ఎస్ అని చెప్పి రాసి చూపించాను. పాములాగుండాది అంది. తుడిచి రాసింది. తుడిచి రాసింది. పన్నెండుగంటలైనా లేవలేదు.